బారికేడు మీద దస్తీ

శివశంకర్‌కు లోకంలో ఎవరి మీదా అసూయ లేదు, ఒక్క గడ్డపార బ్యాండును ఇష్టపడేవాళ్ల మీద తప్ప. పక్కింటివాళ్లు కారు కొంటే టైర్ల కింద పెట్టడానికి నిమ్మకాయలు తనే కొనుక్కొచ్చేవాడు. తోటివాడికి ప్రమోషన్ వస్తే వాడికంటే ఎక్కువ మిఠాయి తనే తినేవాడు. కానీ ఎవరైనా పొరపాటున గడ్డపార పాట ఒక ముక్క కూనిరాగం తీశారా, ఆ పూట అతనికి అన్నం సయించేది కాదు.

గడ్డపార అంటే పటాన్‌చెరు దగ్గర ఐటీఐ చదివిన నలుగురు కుర్రాళ్లు. రెండు గిటార్లు, ఒక డ్రమ్ముల సెట్టు, ఒక గొంతు. ఆ గొంతు పాడుతోందా, కిరాయి పెంచిన ఇంటి ఓనరుతో పోట్లాడుతోందా అని మొదటిసారి విన్నవాళ్లకు అనుమానం వస్తుంది. షిఫ్టు సైరన్ మీద, రింగురోడ్డు లారీల మీద, నురగలు కక్కే చెరువు మీద పాటలు కట్టి, అరిచి, చెమటలు కక్కి దిగిపోతారు. దాన్నే రాక్ మ్యూజిక్ అంటారని త్రివేణికి పెళ్లయ్యాకే తెలిసింది.

త్రివేణి శివశంకర్ భార్య. కొండాపూర్ మండలంలో పత్తి పండించే ఇంటి పిల్ల. పెళ్లిచూపుల్లో పిల్లవాడు గొంతు సవరించుకుని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"నీకు గడ్డపార ఎరుకేనా?"

"ఎరుకలేకేంది? మా ఇంట్ల రెండున్నయ్," అంది త్రివేణి.

పెళ్లికొడుకు మొహం చేటంత అయింది. ఈ పిల్లకు బ్యాండు పేరే తెలియదు, ఇంట్లో పోటీ ఉండదు అనుకుని అక్కడికక్కడే లగ్గం పెట్టించమన్నాడు. తన పెద్ద కళ్లు చూసి మనసు పారేసుకున్నాడని త్రివేణి చాన్నాళ్లు మురిసిపోయింది. అసలు సంగతి తెలిసిన రోజున ఆమెకూ అసూయ అంటుకుంది. అప్పటినుంచి పటేల్‌గూడలోని ఆ రెండు గదుల ఇంట్లో అసూయకు కొదవ లేదు. అతనికి గడ్డపార అభిమానుల మీద, ఆమెకు గడ్డపార మీద.

ఆ ఇంటికి కొంచెం దూరంలో ఉన్న పెద్ద ఇంజనీరింగ్ ఫ్యాక్టరీలో శివశంకర్ ఉద్యోగం. క్రేను నడిపేవాళ్లకు చేతి సైగలివ్వడం అతని పని. ఆ షెడ్డులో మోతకు పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు కాబట్టి మాటలన్నీ చేతులతోనే. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే బరువు ఎత్తాలి, వేలు కిందికి పెట్టి తిప్పితే దించాలి, పిడికిలి బిగిస్తే ఎక్కడిది అక్కడ ఆగాలి. పెద్దసారు వచ్చి గొంతు చించుకున్నా కదలని హుక్కు శివశంకర్ వేలు తిరిగితే లేస్తుంది. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. కూర ఇంకొంచెం కావాలంటే వేలు తిప్పుతాడు, చాలంటే పిడికిలి చూపిస్తాడు. కట్టుకున్న పెళ్లాన్ని క్రేనును చేశాడని త్రివేణి వాళ్లమ్మ దగ్గర ఎన్నోసార్లు మొత్తుకుంది.

ఫ్యాక్టరీ క్యాంటీనులో ఒకసారి మధుబాబు అనే వెల్డరు ఫోను మోగింది. మోగింది గడ్డపార పాట. శివశంకర్ చాయ్ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాడు.

"గా పాట నీకెక్కడిదే?"

"ఇన్న. మంచిగనిపించింది, పెట్టుకున్న."

"ఎప్పటిసంది ఇంటున్నవ్?"

"మొన్నటిసంది."

"మొన్నటిసందా!" అని శివశంకర్ లేచి నిలబడ్డాడు. "వాళ్లు గణేశ్ మండపం కాడ వాయించిన్నాటిసంది ఇంటున్న నేను. పదిమంది లేరప్పుడు. అండ్ల సగం మంది పులిహోర కోసం నిలవడ్డోళ్లే."

"అయితే ఏందన్నా? ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటరు కద."

ఆ సామెత శివశంకర్‌కు ముల్లులా దిగింది. ఆ రోజునుంచి మధుబాబు ఫోను మోగడం ఆలస్యం, "ఎత్తు, జల్దీ ఎత్తు" అని మీద పడేవాడు, ఇంకో నలుగురి చెవిన ఆ పాట పడకూడదని. పోరు పడలేక మధుబాబు దేవుడి పాట పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం శివశంకర్ అతన్ని బండి దగ్గరికి లాక్కెళ్లి కడుపునిండా మిర్చి బజ్జీలు తినిపించాడు.

ఇక ఎవరైనా కొత్తగా "గా బ్యాండు ఎట్లుంటది?" అని అడిగితే, "ఒట్టి లొల్లి. చెవులు పోతయ్. పోకుండ్రి," అనేవాడు. గడ్డపారకు అతనంత వీరాభిమాని లేడు, అతనంత చెడ్డ ప్రచారమూ ఎవరూ చేయలేదు. ముత్తంగిలో గడ్డపార పెద్ద ప్రోగ్రాం ఉందని బస్టాపు గోడకు పోస్టరు అంటిస్తే, కంపెనీ బస్సు వచ్చేదాకా ఆ పోస్టరుకే వీపు ఆనించి నిలబడేవాడు. అదేం మొక్కో అని పక్కింటి ప్రేమలత త్రివేణిని అడిగింది.

"మొక్కు కాదక్కా, కుళ్లు," అంది త్రివేణి. కానీ ఆమె తన కుళ్లు సంగతి చెప్పలేదు.

ఆ ప్రోగ్రాముకు శివశంకర్ రెండు పాసులు తెచ్చాడు. అల్మారాలో త్రివేణి వాటిని చూసింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రమ్మనలేదు, ఇప్పుడు బుద్ధి వచ్చింది కాబోలనుకుని ఆకుపచ్చ చీర తీసి ఇస్త్రీ చేసింది. చీరతో పాటు బతుకమ్మ నాటి గాజులు కూడా బయటికి తీసింది.

"ఏంది, చుట్టాలింటికి పోతున్నవా?" అన్నాడతను.

"నువ్వు తెచ్చిన పాసు నాక్కాదా?"

"నీకెందుకే? ఒట్టి లొల్లి. చెవులు పోతయ్."

"మరి రెండోది?"

"గదా… గదొక మనిషికి."

"ఏ మనిషి?"

శివశంకర్ పిడికిలి బిగించి చూపించాడు. ఆపమని.

అది చాలదన్నట్టు, బయల్దేరేముందు అతను ట్రంకు పెట్టె తెరిచి అడుగున దాచిన దస్తీ తీశాడు. పెళ్లయిన కొత్తలో ఆమె కుట్టిచ్చిన దస్తీ అది. నీలం గుడ్డ, మూలకు ఎర్రదారంతో పువ్వు. మాసిపోతుందని ఒక్కనాడు వాడలేదు. ఇప్పుడు దాన్ని దులిపి, మడిచి, గుండె మీద జేబులో పెట్టుకుని మోటారుసైకిలెక్కాడు.

త్రివేణి ఉరుకున ప్రేమలత ఇంట్లో పడింది. "అక్కా, ఆయన ఎవరినో తోలుకపోతున్నడు. ఎవరంటే మనిషంటున్నడు."

"మనిషంటే ఆడమనిషే," అంది ప్రేమలత అనుమానం లేకుండా. "మగోడైతే పేరు చెప్పెటోడు."

ఆ లెక్కకు తిరుగులేదు. ఇద్దరూ ఆటో ఎక్కి ముత్తంగి బయల్దేరారు. దారిపొడుగునా త్రివేణి ఏడవలేదు, తిట్టలేదు. ఆ మనిషి దొరికితే జుట్టు పట్టాలా, చీర పట్టాలా అని ఆలోచించింది. ఆ ఆలోచనలో కొంత హాయి కూడా ఉంది.

రింగురోడ్డు పక్కన గోదాముల వెనక ఖాళీ జాగాలో స్టేజీ వేశారు. గేటు దగ్గర చెరో పాసు కొనుక్కుని ఇద్దరూ లోపలికి వెళ్లారు. కంపెనీ చొక్కాలతో అట్నుంచటే వచ్చినవాళ్లు, బీహారు ఒడిశా కుర్రాళ్లు, హైదరాబాదునుంచి నల్ల టీషర్టులు తొడుక్కుని వచ్చిన పిల్లలు, అందరూ కలిసి జాతరలా ఉంది. ఆ టీషర్టుల మీద గడ్డపార బొమ్మలు చూసి మొగుడికి ఈపాటికి బీపీ వచ్చి ఉంటుందనుకుంది త్రివేణి. స్టేజీ వెనక ఇంటంత గుడ్డ బ్యానరు వేలాడుతోంది. దాన్ని పట్టుకుని నిలబడింది ఒక పసుపుపచ్చ హైడ్రా క్రేను. క్యాబినులో కాళ్లు జాపుకుని కునికిపాట్లు పడుతున్నది మహేంద్ర, శివశంకర్ ఫ్యాక్టరీలోనే క్రేను నడిపే పిల్లవాడు. ఈ సాయంత్రానికి కిరాయికి వచ్చాడు.

"అగో, మీ ఆయన," అంది ప్రేమలత.

జనమంతా స్టేజీకి ఎదురుగా తోసుకుంటుంటే శివశంకర్ ఒక మూలన, బీరువాల్లా పేర్చిన బాసు స్పీకరు డబ్బాల ముందు నిలబడి ఉన్నాడు. అక్కడినుంచి స్టేజీ సగం కూడా కనపడదు. ముందున్న ఇనుప బారికేడు మీద ఒక చెయ్యి వేసి, పక్కన ఖాళీ మీద దస్తీ పరిచాడు. ఎర్రపువ్వు పైకి కనపడేట్టుగా.

సంగారెడ్డి బస్టాండులో పుట్టి పెరిగిన న్యాయం ఒకటుంది. బస్సు ఆగకముందే కిటికీలోంచి దస్తీ వేస్తే ఆ సీటు ఆ దస్తీది. దాని మీద ఎమ్మెల్యే బావమరిది కూడా కూర్చోడు. అందుకే ఇక్కడివాళ్లు ఆ బారికేడు దాకా వచ్చి, దస్తీని చూసి, మర్యాదగా తప్పుకుంటున్నారు. నల్ల టీషర్టు పిల్లలకు ఆ న్యాయం తెలియదు.

"అంకుల్, ఇక్కడ ఎవరూ లేరు కదా?" అన్నాడొకడు.

"దస్తీ కనవడ్తలేదా?"

"కర్చీఫే కదా అంకుల్."

"కర్చీఫ్ కాదు, మనిషి!" అన్నాడు శివశంకర్. "అసలు నువ్వు ఎప్పటిసంది ఇంటున్నవ్ గడ్డపారను?"

"కాలేజీలో చేరినప్పట్నుంచి."

"నేను గణేశ్ మండపంకాడికెళ్లి ఇంటున్న. పో, ఎనకకు పో."

పక్కనున్న ఎవరో కార్మికుడు కూడా కలగజేసుకున్నాడు. "దస్తీ ఏసిండు కద తమ్మీ, జెర జరుగు." దస్తీ గౌరవం నిలబడింది.

జనం వెనక నిలబడి ఇదంతా చూస్తున్న త్రివేణికి కళ్లలో నిప్పులు పోసుకున్నట్టయింది. తన చేత్తో కుట్టిన పువ్వు మీద ఇంకో ఆడది చెయ్యి పెడుతుందా! పెళ్లాం కోసం బస్సులో కూడా ఏనాడూ దస్తీ వేయని మనిషి! కొంగు నడుముకు దోపింది. పాటలు మొదలవబోతున్నాయి.

"ఇగ సూడు, వస్తది," అంది ప్రేమలత.

వచ్చింది. తెల్లచొక్కా, తెల్లధోవతి, మెడలో తువ్వాలు. వచ్చింది వెనక గల్లీ కిష్టయ్య. అదే ఫ్యాక్టరీలో నలభై గజాల దూరానికి నేల అదిరే సుత్తి మిషను మీద బతుకంతా పనిచేసి రిటైరైన ముసలాయన. రెండు చెవులూ ఆ సుత్తికే సమర్పించుకున్నాడు. ఎదురుపడి "మంచిగున్నవా కాకా" అని ఎంత అరిచినా చిరునవ్వు నవ్వి వెళ్లిపోతాడు.

"గీయనకు పాట ఎందుకే?" అంది ప్రేమలత బిత్తరపోయి. "చెవిటోని ముందు శంఖం ఊదినట్టు!"

త్రివేణి పట్టుకోవాలనుకున్న జుట్టు అక్కడ లేదు, కిష్టయ్యది బట్టతల.

శివశంకర్ దస్తీ తీసి ఆ ఇనుప కడ్డీని శుభ్రంగా తుడిచాడు. ముసలాయన రెండు అరచేతులు పట్టుకుని ఆ కడ్డీ మీద పెట్టాడు. స్టేజీ మీద డ్రమ్ము పడింది. బాసు డబ్బాలు గుభేలుమన్నాయి. బారికేడు సన్నగా వణికింది. కిష్టయ్య కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి మీసాల కింద నవ్వు మొదలైంది. అరచేతుల్లోంచి మోచేతులకు, మోచేతుల్లోంచి భుజాలకు పాట ఎక్కుతున్నట్టు ఆయన మెల్లగా ఊగడం మొదలుపెట్టాడు.

అప్పుడు శివశంకర్ స్టేజీకి వీపు తిప్పేశాడు. బారికేడుకు వీపు ఆనించి ముసలాయన వైపు తిరిగి, భుజం తట్టి కళ్లు తెరిపించి, చూపుడువేలు పైకెత్తి తిప్పాడు. పాట లేస్తోందని. గొంతు తగ్గితే వేలు కిందికి. లారీల పాటకు స్టీరింగు తిప్పినట్టు, సైరన్ పాటకు తాడు లాగినట్టు. పాట ఠక్కున ఆగిన చోట పిడికిలి. కిష్టయ్య ఆ చేతిని కళ్లార్పకుండా చూస్తూ తల ఊపుతున్నాడు. గడ్డపార పేరెత్తితే కొట్లాడే మనిషి, ఆ మహా ప్రోగ్రాములో గడ్డపారను ఒక్క క్షణం కూడా చూడలేదు.

త్రివేణికి కోపం ఉంది, కోపానికి మనిషి లేడు. నడుము దోపిన కొంగు అలాగే ఉంది.

ఇంతలో జనం హోరుమన్నారు. స్టేజీ వెనక బ్యానరు లేస్తోంది! డబ్బాల మోతకు మెలకువ వచ్చిన మహేంద్ర నిద్రకళ్లతో చూశాడు. స్టేజీ పక్క సందులోంచి దూరాన శివన్న చెయ్యి. శివన్న వేలు తిరుగుతోంది. ఇన్నేళ్లుగా ఆ వేలు తిరిగితే లివరు లాగడమే తప్ప ఎందుకని అడగడం అతనికి తెలియదు. లాగాడు. పాట పైకి పోతే బ్యానరు పైకి పోయింది. పాట కిందికి దిగితే బ్యానరూ దిగింది. జనం ఇది ప్రోగ్రాములో భాగమేననుకుని ఈలలు వేశారు. పాడే కుర్రాడు వెనక్కి తిరిగి చూసి, కారణం తెలియకపోయినా ఇంకా గట్టిగా అరిచాడు.

చెరువు పాటలో గొంతు అడుగంటా దిగిపోయే చోటు ఒకటుంది. శివశంకర్ వేలు కిందికి తిరుగుతూనే ఉంది. బ్యానరు దిగి దిగి డ్రమ్ములు కొట్టే కుర్రాణ్ణి మొత్తం కప్పేసింది. పాట ఆగింది. పిడికిలి. బ్యానరు ఆగింది. గుడ్డ కింద కుర్రాడు ఎటు పోవాలో తెలియక తడుముకుంటున్నాడు. అయినా వాడు గడ్డపార కుర్రాడు, ఆ చీకట్లోనే దడదడా వాయించాడు. వేలు లేచింది, బ్యానరు లేచింది, కింద కుర్రాడు బయటపడ్డాడు. ఆ జనం పెట్టిన కేకకు రింగురోడ్డు మీద లారీలు బ్రేకులు వేశాయి.

ప్రోగ్రాం పెట్టినాయన హైడ్రా దగ్గరికి పరిగెత్తాడు. "ఎవడ్రా నీకు చెప్పింది ఎత్తమని?"

"శివన్న చెప్పిండు సార్."

"శివన్న ఎవడు?"

మహేంద్ర ఆశ్చర్యంగా చూశాడు. ఆ ఇలాకాలో శివన్న తెలియని మనిషి క్రేను కిరాయికి ఎలా తీసుకున్నాడో అతనికి అర్థం కాలేదు.

రెండు పాటల మధ్య త్రివేణి జనాన్ని తోసుకుంటూ వెళ్లి మొగుడి ముందు నిలబడింది. శివశంకర్ దెయ్యాన్ని చూసినట్టు అదిరిపడ్డాడు.

"నువ్వా! ఎప్పుడొచ్చినవ్?"

"గీ కాకకా రెండో పాసు? చెప్తే నీ సొమ్మేం పోతుండె?"

"చెప్పొద్దని కాక ఒట్టేపిచ్చుకున్నడే. చెవిటోడు పాటకు పోయిండని వాడకట్టంత నవ్వుతరని సిగ్గు ఆయనకు." తర్వాత అతను నేల చూపులు చూశాడు. "ఇంకో మాట. ఎవలకు చెప్పకు. ముందు ఇన్నది నేను కాదు."

"ఏందీ?"

"వాళ్లు చిన్నగున్నప్పుడు ఏడ వాయిస్తే ఆడ తరిమిన్రు. కాక తన ఇంటెనక రేకుల షెడ్డు ఇచ్చిండు. ఆయనకు లొల్లి ఇనవడది కద. ఒకనాడు రేకుకు ఈపు ఆనిచ్చి కూసుంటే పాట అదురు తెలిసిందట. నన్ను పిలిచి నా చెయ్యి రేకు మీద పెట్టిచ్చిండు. గట్ల ఇన్న నేను. గణేశ్ మండపం దాని తర్వాత సంగతి. కాక ఫస్టు, నేను సెకండు."

మొదటి స్థానం కోసం ఊరంతటితో తగువు పెట్టుకున్న మనిషి నోట రెండో స్థానం వినేసరికి త్రివేణికి నవ్వాగలేదు. ఆ నవ్వులోనే ఇంకా కొంచెం మంట మిగిలింది.

"మరి నన్నెందుకు తేలే ఒక్కనాడన్నా?"

"నీకు మంచిగనిపిస్తే?" అన్నాడు శివశంకర్ నిజాయితీగా.

అంతలో సైరన్ పాట మొదలైంది. శివశంకర్ ఊపులో గొంతు కలిపాడు. "సైరనా సైరనా, నిద్ర ఎవనిది తీసినవే…"

"తీసినవే కాదు, తిన్నవే," అంది త్రివేణి. "సైరనా సైరనా, నిద్ర ఎవనిది తిన్నవే." అని ఊరుకోలేదు. పప్పు తాలింపు వేస్తూ, బట్టలు ఉతుకుతూ, ఇష్టం లేకుండా ఇన్నేళ్లు చెవిన వేసుకున్న పాట అది. చరణాలన్నీ ఒక్క మాట తప్పకుండా, పెదాలు బాగా కదిలిస్తూ గట్టిగా పాడేసింది.

కిష్టయ్య చూపు శివశంకర్ వేలు మీదనుంచి ఆమె పెదాల మీదికి మళ్లింది. చేతులు పాట మోతను పట్టిస్తుంటే ఆ పెదాలు మాటలు పట్టిస్తున్నాయి. ముసలాయన మొహం వెలిగిపోయింది.

శివశంకర్ మొహం వాడిపోయింది. "కాకా, ఇటు సూడు," అంటూ వేలు ఇంకా పైకెత్తి తిప్పాడు. అటు బ్యానరు కొసకంటా లేచింది.

కిష్టయ్య చూపు తిప్పకుండానే అతనికి పిడికిలి బిగించి చూపించాడు. ఆపమని.

కిష్టయ్యను, ప్రేమలతను ఆటో ఎక్కించి మొగుడూ పెళ్లాలు మోటారుసైకిలు మీద ఇంటికి బయల్దేరారు. పటేల్‌గూడ మలుపు దగ్గర శివశంకర్ అడగలేక అడగలేక అడిగాడు. "నీకు ఎప్పటిసంది అన్ని పాటలు నోటికొచ్చు?"

"లగ్గమైనకాడికెళ్లి."

"నాకు చెప్పలే?"

"నువ్వు అడగలే."

ముందొచ్చిన చెవుల సామెత అతనికి గుర్తుకొచ్చే ఉంటుంది. బండి కొంచెం వంకరగా పోయింది. త్రివేణి అతని నడుము చుట్టూ చెయ్యి వేసి కావాలనే ఇంకో చరణం ఎత్తుకుంది.

గడ్డపార తర్వాతి ప్రోగ్రాం సంగారెడ్డిలో అని తెలిసినప్పుడు అతను ఎప్పటిలాగే క్యాంటీనులో అందరికీ "ఒట్టి లొల్లి" అని చెప్పి వచ్చాడు. వచ్చి, ఉతికి ఆరేసిన దస్తీని మడతపెడుతూ పెళ్లాం దగ్గర చేరాడు.

"ఇంకొక దస్తీ కుడ్తవా?"

"ఎవరికి?"

"గదే… ఒక మనిషికి."

ఈసారి ఏ మనిషి అని త్రివేణి అడగలేదు. "పువ్వు పెద్దది కుట్టాల్నా, చిన్నదా?" అంది సూదిలోకి ఎర్రదారం ఎక్కిస్తూ.

శివశంకర్ చూపుడువేలు పైకెత్తి తిప్పాడు.